నీడకు గడి లేదు

లైబ్రరీ, కింది అంతస్తు
నవంబరు 6

తమ్ముడికి,

ఫోన్ చేస్తే సరిపోయేదిగా అంటావని తెలుసు. ఫోన్‌లో మనిద్దరం మూడో నిమిషంలో పోట్లాటకు దిగుతాం, నాలుగో నిమిషంలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు. మనింట్లో ముఖ్యమైన విషయాలన్నీ ఉత్తరాల్లోనే తేలాయి, నీ పెళ్ళితో సహా.

నిన్న మీ ఆఫీసు నుంచి నాకొక నోటీసు వచ్చింది. "మీ లైబ్రరీ మేడ మీద అమర్చిన నలభై సోలార్ ప్యానెళ్ళ పనితీరు నిష్పత్తి యాభై ఒక్క శాతానికి పడిపోయినది. పదిహేను రోజులలో కారణము తెలుపవలెను. లేనిచో తగు చర్య తీసుకొనబడును." కింద సంతకం ఎవరిదా అని చూస్తే నీది. సొంత అక్క మీద తగు చర్య తీసుకుంటానన్న తమ్ముణ్ణి ఈ వంశంలో నిన్నే చూశాను. నాకు నవ్వాగలేదు. పేపర్ చదువుకుంటున్న రిటైర్డు లెక్కల మాస్టారు తలెత్తి, గోడ మీదున్న 'నిశ్శబ్దము' అన్న అట్టని నాకు వేలితో చూపించారు.

పోయిన మార్చిలో ప్రారంభోత్సవం గుర్తుందిగా? మీ పెద్దసారు స్విచ్ నొక్కీ నొక్కగానే వీధంతా కరెంటు పోయింది. నెత్తిన ఎండ మండిపోతున్నా మన ప్యానెళ్ళు కూడా ఆగిపోయాయి. లైన్‌లో కరెంటు లేనప్పుడు ఇవి పంపిస్తే తీగ మీద పనిచేసేవాడి ప్రాణాలు పోతాయి కాబట్టి వాటంతటవే ఆగుతాయని నువ్వు చెవిలో చెబుతుంటే, ఆయన మైకులో "చూశారా, సూర్యుడు కూడా మన నిబంధనలు పాటిస్తున్నాడు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మనిషి పైకెందుకు వచ్చారో ఆ రోజే అర్థమైంది.

మీటరు రీడింగు రోజూ నేనే రాస్తున్నాను. వేసవిలో బాగానే ఉంది. సెప్టెంబరు నుంచి దిగజారుతూ వచ్చింది. ఎందుకో నాకేం తెలుసు? నేను పుస్తకాలకు అట్టలు వేయించుకునేదాన్ని. నిపుణుడివి నువ్వు, కారణం కూడా నువ్వే చెప్పు, నేను సంతకం పెట్టి నీకే పంపుతాను.

అక్క


ప్రధాన కార్యాలయం, పనితీరు విభాగం
నవంబరు 14

అక్కకి,

ఆఫీసు విషయంలో బంధుత్వాలు చూడకూడదు కనుక నోటీసు పంపాను. మరోలా అనుకోకు.

పనితీరు నిష్పత్తి అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. మీ మేడ మీద పడిన ఎండకి ఎంత కరెంటు రావాలి, నిజంగా ఎంత వచ్చింది, అంతే. వందకి వంద ఎక్కడా రాదు. వేడికి కొంత, తీగల్లో కొంత, ఇన్వర్టర్లో కొంత పోతుంది. డెబ్భై అయిదు దాటితే మంచి ప్లాంటు అంటాం. మీది యాభై ఒకటి.

నీ రీడింగులు మా ఫారంలో వేసి చూశాను. మీ ప్లాంటుకి దుమ్ము నష్టం ఇరవై ఏడు శాతం అని తేలింది. రాష్ట్రాలూ దేశాలూ తిరిగి వచ్చిన మా కన్సల్టెంటు కూడా ఇంత దుమ్ము ఎడారిలో తప్ప చూడలేదన్నాడు. ప్యానెళ్ళు కడిగే మనిషి పని ఎగ్గొడుతున్నట్టు స్పష్టంగా కనిపిస్తోంది. ఎవరా మనిషి? గట్టిగా మందలించు. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు.

పిల్లలు నిన్ను అడుగుతున్నారు.

తమ్ముడు


లైబ్రరీ, మేడ మెట్ల మీద
నవంబరు 23

తమ్ముడికి,

కడిగే మనిషిని అందరూ బకెట్టమ్మ అంటారు. బకెట్టు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. యాభై దాటాయి. భర్తకి చూపు సరిగా ఆనదు, ఇంటికి జీతం తెచ్చేది ఆవిడొక్కతే. వారానికి రెండుసార్లు, ఎండ ఎక్కకముందే నలభై ప్యానెళ్ళూ కడుగుతుంది. కడిగిందా అని అడిగితే అన్నం తిన్నావా అని అడిగినట్టు చూస్తుంది.

నువ్వు మందలించమన్నావు కదా, ముందు నేరం రుజువు చేసుకుందామని తెల్ల చేతిరుమాలు పట్టుకుని పైకెళ్ళాను. నలభై ప్యానెళ్ళూ తుడిచాను. రుమాలు తెల్లగానే ఉంది. నా మోకాళ్ళే నల్లబడ్డాయి. ఆవిడ పక్కనే నిలబడి, "ఏమన్నా పోగొట్టుకున్నారామ్మా?" అంది.

పోగొట్టుకున్నది నేను కాదు, మీ ఆఫీసు. పైన వీధి వైపు, ఎండ వచ్చే వైపునే, మీవాళ్ళు పెట్టిన బోర్డుంది చూశావూ? ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. 'ఈ గ్రంథాలయం సూర్యుడితో నడుస్తున్నది' అని ఒక వరస, దాని కింద సూర్యుడికంటే పెద్ద అక్షరాల్లో మీ పెద్దసారు పేరు. ఆ బోర్డు నీడ ప్యానెళ్ళ మీద పడుతోంది! పొద్దున ఎనిమిది నుంచి గంటకోసారి పైకెక్కి నీడ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. మధ్యాహ్నం రెండు దాకా ఏ గంట చూసినా కనీసం పదకొండు ప్యానెళ్ళు నీడలో ఉన్నాయి. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడ పొట్టిగా ఉండేది. ఇప్పుడు వాలాడు, నీడ సాగింది. ఒక ప్యానెల్ మీద నీడపడితే దాంతోపాటు వరసంతా నీరసపడుతుందని నువ్వే ఒకసారి చెప్పావు.

గీతల బొమ్మ ఇందులో పెడుతున్నాను. దీన్ని చూడటానికి నిపుణుడు కావాల్సిన పనిలేదు, మెట్లెక్కితే చాలు. మార్చిలో ప్లాంటు బాగుందని సర్టిఫికెట్ ఇచ్చింది నువ్వే కదా, అప్పుడు కనబడలేదా?

అక్క


ప్రధాన కార్యాలయం, పనితీరు విభాగం
డిసెంబరు 4

అక్కకి,

బొమ్మ అందింది. బాగా గీశావు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. మా ఫారంలో నష్టాలకు నాలుగు గడులు ఉంటాయి: వేడి, తీగలు, ఇన్వర్టర్, దుమ్ము. నీడకు గడి లేదు. నీడపడే చోట ప్లాంటు పెట్టకూడదని నిబంధన ఉంది కనుక నీడ ఉండదు, ఉండదు కనుక గడి అక్కర్లేదని ఫారం తయారుచేసినవాళ్ళ ఉద్దేశం. మొదటి మూడు గడులూ నింపాక మిగిలిన నష్టమంతా, అది ఏదైనా సరే, దుమ్ము గడిలో పడుతుంది. ఆ లెక్కన మీ దుమ్ము ఇరవై ఏడు. నిజంగా దుమ్ము ఉందా లేదా అన్నది వేరే విషయం.

బోర్డు సంగతి పైకి కదపడం కష్టం. పెద్దసారు ఆఫీసుకు వచ్చేటప్పుడు మీ వీధి మీదుగా కారు తిప్పించుకుని దాన్ని చూసుకుంటూ వస్తారని డ్రైవరు చెప్పాడు.

ఒక మాట నీకు ముందే చెప్పాలి. నిన్నటి సమావేశంలో మీ ప్లాంటు చర్చకు వచ్చింది. జనవరి నెలాఖరుకి దుమ్ము నష్టం అయిదు శాతం లోపుకి రాకపోతే కడిగే మనిషిని తీసేయాలని తీర్మానించారు. నా చేతుల్లో ఏమీ లేదు. నేను గడులు నింపేవాణ్ణి మాత్రమే. ఆవిణ్ణి ఇంకాస్త బాగా కడగమని చెప్పి చూడు.

తమ్ముడు


లైబ్రరీ, ఫైళ్ళ గది
డిసెంబరు 12

ఒరేయ్,

'ఇంకాస్త బాగా కడగమని' రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నీడని కడగమంటావా?

పోయిన ఉత్తరంలో నేనొక ప్రశ్న అడిగాను. నువ్వు దాన్ని దాటేసి బొమ్మ బాగుందన్నావు. చిన్నప్పుడు మార్కులెన్ని వచ్చాయిరా అంటే దాహమేస్తోందనేవాడివి, అదే తీరు. అందుకని ఫైలు తీయించాను. మార్చి పదకొండో తారీకు సర్టిఫికెట్టు. "నేను స్వయముగా మేడ ఎక్కి పరిశీలించితిని. నీడ పడు అవకాశము ఎంతమాత్రమును లేదు." నీ సంతకం, గుండ్రంగా, ముద్దుగా ఉంది. బోర్డు నిలబెట్టింది తొమ్మిదో తారీకున.

పదకొండో తారీకు నాకు బాగా గుర్తు. నా గదిలో కూర్చుని టీ తాగావు, రెండోసారీ తాగావు. కింద గోడకున్న ఇన్వర్టర్ చూశావు. వాచ్‌మన్ మేడ తాళం తెచ్చిస్తే "ఫోటోలు ఉన్నాయిలే" అన్నావు. వెళ్ళిపోయావు. నువ్వు మేడ ఎక్కలేదు.

మీ ఆవిణ్ణి అడిగాను, నీకు చెప్పొద్దని మరీ అడిగాను. ఇంట్లో బల్బు పోతే స్టూలెక్కేది తనేనట. నువ్వు కింద స్టూలు పట్టుకుని కళ్ళు మూసుకుంటావట. ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఎత్తులంటే భయపడేవాడివి లోకంలో ఇన్ని ఉద్యోగాలుండగా మేడల మీది ప్లాంట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో ఎలా చేరావురా? చేరితే చేరావు, నీ భయానికి ఆవిడ జీతం పోవాలా?

అక్క


ఇంటి నుంచి
డిసెంబరు 20

అక్కా,

ఇది ఆఫీసు కాగితం మీద రాయలేదు, గమనించే ఉంటావు.

నువ్వు రాసినవన్నీ నిజమే. చేరినప్పుడు ఇది బల్ల దగ్గర కూర్చుని చేసే ఉద్యోగమే. తర్వాత మేడల సోలార్ వచ్చింది, మమ్మల్ని అందులోకి మార్చారు, ప్రమోషన్ కూడా ఇచ్చారు. ప్రమోషన్ వద్దంటే కారణం చెప్పాలి. ఎలా చెప్పను? మొదటి మేడ దగ్గరే ఆరో మెట్టు మీద కాళ్ళు వణికాయి. కళ్ళు తిరుగుతున్నాయని, అజీర్తని చెప్పి కిందికొచ్చి, కాంట్రాక్టర్ ఇచ్చిన ఫోటోలు చూసి సంతకం పెట్టాను. ఏమీ కాలేదు. రెండోసారి అజీర్తి కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పటికి రెండు వందల పద్నాలుగు మేడలు, అక్కా. అన్నిట్లోనూ 'స్వయముగా ఎక్కి' అని రాశాను. ఒక్కటీ ఎక్కలేదు. పోయినేడు ఉత్తమ తనిఖీ అధికారి అని శాలువా కప్పారు. అది కప్పడానికి స్టేజీ ఎక్కమంటే కూడా చెమటలు పట్టాయి.

మీ బోర్డు నీడ నేను కళ్ళతో చూసినట్టు రాస్తే, మార్చిలో ఎందుకు చూడలేదని అడుగుతారు. అందుకే దుమ్ము అని ఊరుకున్నాను. ఆవిడెవరో నాకు తెలియదు కదా అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

జనవరి ఎనిమిదిన వస్తున్నాను. ఎక్కుతాను. ఎక్కలేకపోతే నన్ను తిట్టు, కానీ వాచ్‌మన్ ముందు వద్దు.

తమ్ముడు


ప్రధాన కార్యాలయం, పనితీరు విభాగం
జనవరి 12

అక్కా,

మోకాళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి. నలభై రెండు మెట్లకి అరగంట పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పైకొచ్చాక నేను గోడకి అంటుకుపోతే నువ్వు నవ్వావు. నేను చూశాను, మొహం తిప్పుకున్నా తెలుస్తుంది. బకెట్టమ్మ నవ్వలేదు. బకెట్టు కింద పెట్టి, తడిచెయ్యి పమిటకి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "కిందికి చూడకండి బాబూ, పలకలకేసి చూడండి. మబ్బు కనపడుద్ది" అంది. నిజంగానే కనపడింది. అంత శుభ్రంగా ఉన్నాయి. ఎవరి మీద ఇరవై ఏడు శాతం దుమ్ము రాశానో ఆవిడ చెయ్యి పట్టుకుని మేడంతా తిరిగాను. ఆవిడకి ఆ సంగతి తెలియదు. నువ్వు చెప్పకు.

కొలతలన్నీ తీశాను. నీ సుద్దగీతలు అంగుళం కూడా తప్పు లేవు. ఒక ప్యానెల్ కొత్త గుడ్డతో తుడిచి, పక్కదాన్ని తుడవకుండా రెండూ కొలిచి చూస్తే దుమ్ము నష్టం ఒక్క శాతం. మిగతాదంతా నీడే. రిపోర్టు రాశాను. ఫారంలో దుమ్ము గడి కింద స్కేలు పెట్టి అయిదో గడి గీసి 'నీడ' అని రాశాను. గుమాస్తా ఆ కాగితం చూసి కూర్చున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మార్చిలో నేను మేడ ఎక్కలేదని కూడా రాశాను. మిగతా రెండు వందల పదమూడూ ఎక్కి చూస్తానని రాశాను. ఆ వాక్యం రాసేటప్పుడు కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

బోర్డు గురించి నువ్వు చెప్పినట్టే రాశాను. "ఇంతటి బోర్డు మేడపై ఉండుట వలన బాటసారులు మెడలు నొప్పి పుట్టి పేరు పూర్తిగా చదవలేకపోవుచున్నారు. గేటు వద్ద నిలిపినచో గౌరవము ఇనుమడించును." పెద్దసారు అది రెండుసార్లు చదివి, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అన్నారట.

తమ్ముడు


లైబ్రరీ, గేటు దగ్గర
ఫిబ్రవరి 15

తమ్ముడికి,

బోర్డు దిగింది. గేటు పక్కన నిలబెట్టారు. ఇప్పుడు లోపలికి రావాలంటే పెద్దసారు పేరు చుట్టూ తిరిగి రావాలి. నీకు మెమో ఇచ్చారని మీ ఆవిడ చెప్పింది. ఇస్తే ఇచ్చారు, ఈసారి నిజం చెప్పి తీసుకున్నావు. ప్లాంటు డెబ్భై తొమ్మిది శాతానికి ఎక్కింది. నీమీద నాకు గర్వంగా ఉందని రాద్దామని ఆదివారమే కాగితం తీశాను.

సోమవారం మీ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "తాజా తనిఖీలో దుమ్ము నష్టము ఒక శాతము మాత్రమేనని తేలినందున, ఈ ప్లాంటునకు శుభ్రపరచు మనిషి అవసరము లేదని నిర్ణయించడమైనది. ఇప్పటివరకు పనిచేసిన వ్యక్తి సేవలు నేటితో చాలించడమైనది."

దుమ్ముందని తీసేస్తామన్నారు. లేదని తీసేశారు.

బకెట్టమ్మకి చదివి వినిపించింది నేనే. ఆవిడ మళ్ళీ చదవమంది. చదివాను. "తప్పు రాశారా అమ్మా నా మీద?" అంది. లేదు, తప్పేం లేదనే రాశారన్నాను. "మరింకేం?" అంది. బకెట్టు లైబ్రరీది కాబట్టి కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఖాళీ చేతుల్తో ఆవిణ్ణి చూడటం అదే మొదటిసారి.

నీ నిజం చాలా బాగుంది. దీన్నేం చేసుకోమంటావు?

అక్క


ప్రధాన కార్యాలయం, పనితీరు విభాగం
ఫిబ్రవరి 21

అక్కా,

ఆ ఆర్డరు నా బల్ల మీదుగా రాలేదు. వచ్చుంటే నిప్పు పెట్టేవాణ్ణి. పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆవిడ కడగబట్టే దుమ్ము లేదని అరగంట చెప్పాను. విన్నారు. "ఆ విషయం ఫారంలో ఏ గడిలో ఉంది?" అన్నారు.

వాళ్ళ ఫారంతోనే వాళ్ళని పట్టాలి. దుమ్ము నష్టం పది శాతం దాటితే కడిగే మనిషిని వెంటనే నియమించాలని, పాతవాళ్ళకే అవకాశం ఇవ్వాలని నిబంధన ఉంది. వానలు లేవు, ముందున్నది ఎండాకాలం. నలభై రోజులు ప్యానెళ్ళని ఎవరూ ముట్టుకోకూడదు. దుమ్ము పట్టనీ. నేను వచ్చి ఎక్కి కొలిచి, ఉన్నదే రాస్తాను. ఈసారి అబద్ధం అక్కర్లేదు, మురికి ఉంటే చాలు.

ఆవిడకి ఈ సంగతి చెప్పి ఓపిక పట్టమను.

తమ్ముడు


లైబ్రరీ, మేడ మీద
మార్చి 10

తమ్ముడికి,

చెప్పాను. తల ఊపింది. రెండు వారాలయ్యాక నిన్న పైకెళ్ళి చూస్తే ప్యానెళ్ళలో నా మొహం కనిపిస్తోంది, కళ్ళజోడుతో సహా.

ఈ రోజు తెల్లవారుతుండగానే వచ్చి మేడ మీద కూర్చున్నాను. ఆరింటికి వెనక మెట్ల మీద చప్పుడు. బకెట్టమ్మే. సొంత బకెట్టు తెచ్చుకుంది. నన్ను చూసి దొంగలా బెదిరింది. నేను తల పట్టుకున్నాను. "నీ ఉద్యోగం కోసమే కదా మురికి పట్టనిస్తున్నాం, నువ్వే కడిగేస్తే ఎలా?" అన్నాను.

"తెలుసమ్మా. ఆగుదామనే అనుకున్నా. కాయగూరలకి వెళ్తూ వీధిలోంచి చూస్తే తెల్లగా పొడి పట్టి కనపడింది. కాలు నిలవలేదు. అదేదో నా మొహమే కడుక్కోకుండా వీధిలో కూర్చున్నట్టుంది" అంది.

నేను నోరు చేసుకున్నాను. ఇంకెప్పుడూ రానంది. ఆ మాట అంటూనే మూలనున్న ప్యానెల్ మీద పిట్టరెట్ట కొంగుతో తుడిచేసింది. ఏం చేయమంటావు?

అక్క


ప్రధాన కార్యాలయం, పనితీరు విభాగం
మార్చి 14

అక్కా,

మేడ తలుపుకి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. వాచ్‌మన్‌కి ఇవ్వకు, అతను ఆవిడకి కరిగిపోతాడు. నువ్వు కూడా కరగకు. ఇవాళ నుంచి మళ్ళీ నలభై రోజులు.

తమ్ముడు


లైబ్రరీ, కింది అంతస్తు
ఏప్రిల్ 30

తమ్ముడికి,

నువ్వు వచ్చి కొలిచి వెళ్ళిన నాలుగో రోజునే ఆర్డరు వచ్చింది. దుమ్ము నష్టం పద్దెనిమిది శాతం చూసి మీవాళ్ళు హడలిపోయినట్టున్నారు. కడిగే మనిషిని 'యుద్ధప్రాతిపదికన' నియమించమన్నారు. ఈసారి నువ్వు పది నిమిషాల్లో మేడ ఎక్కావు. అది మెచ్చుకోవాల్సిందే, మెచ్చుకుంటున్నాను.

బకెట్టమ్మ సోమవారం చేరింది. తాళం తీసి పక్కకి జరిగాను. పైకెళ్ళి చూసి బకెట్టు కింద పెట్టింది. ప్యానెళ్ళు మట్టిపలకల్లా ఉన్నాయి. ఎవడో వేలితో తన పేరు కూడా రాశాడు, మీ ఆఫీసువాడే అయ్యుంటాడు.

"తాళం మీరే వేశారా అమ్మా?" అంది. అవునన్నాను. ఆ రోజూ మర్నాడూ కడుగుతూనే ఉంది. మంచినీళ్ళిస్తే తీసుకోలేదు.

ఇవాళ పని ముగించుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. తనంతట తను నా గదిలోకి రావడం ఎప్పుడూ లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. కోపం కూడా లేదురా, అదుంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆవిడ మాట ఆవిడ అన్నట్టే రాస్తున్నాను. నాకు తెలియలేదు, జవాబు నువ్వే రాయాలి.

"పని ఇప్పించారు, మీ మేలు మర్చిపోను. కానీ పోయినసారి శుభ్రంగా ఉందని తీసేశారు. ఇప్పుడు మురికిగా ఉందని పెట్టుకున్నారు. ఈసారి ఎంతవరకు కడగాలో బాబుగార్ని అడిగి చెప్పండమ్మా."

అక్క